ఐదేళ్ళలో వెళ్ళిపోదాం

డెబ్బయిల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల కాపురం పెట్టిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బేస్‌మెంటు సగం ఖాళీ అట్టపెట్టెలతో నిండి ఉండేది. టీవీ కొంటే దాని పెట్టె, మిక్సీ కొంటే దాని పెట్టె, లోపలి థర్మోకోల్ ముక్కలతో సహా దాచేవాళ్ళం. పారేస్తే ఎలా? ఇండియా వెళ్ళిపోయేటప్పుడు మళ్ళీ అందులోనే సర్దాలి కదా. ఎప్పుడు వెళ్తారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ఐదేళ్ళలో. వచ్చిన మొదటేడూ ఐదేళ్ళే, పదో ఏడూ ఐదేళ్ళే.

ఇక్కడి పిల్లలు అప్పుడప్పుడు నన్ను మీ ఊరు గుర్తొస్తుంటుందా అని అడుగుతారు. తెనాలి దగ్గర పల్లె మాది. గుర్తు రాకేం, వస్తుంది. కానీ ఆ అరుగులూ కాలవగట్లూ తాటిముంజలూ రాసినవాళ్ళు బోలెడంతమంది. వాళ్ళకన్నా బాగా రాయడం నాకు చేతకాదు. పైగా ఊరు అక్కడే ఉంది, మారినా ఉంది, టిక్కెట్టు కొంటే వెళ్ళి చూడొచ్చు. టిక్కెట్టు కొన్నా చూడ్డానికి వీల్లేనిది ఇంకొకటుంది. ఈ దేశం వచ్చాక ఓ పదిహేను, ఇరవయ్యేళ్ళపాటు మేమంతా రేపో మాపో బయల్దేరేవాళ్ళలా బతికాం. ఆ బతుకు ఇప్పుడు అక్కడా లేదు, ఇక్కడా లేదు. నాకు బెంగ దానిమీదే.

ఇందులో తమాషా తెలియాలంటే ఒక సంగతి ముందే చెప్పాలి. మేం గడువు వీసాలమీద వచ్చినవాళ్ళం కాదు. 1965 దాకా ఇండియానుంచి వలసకు ఏడాదికి వందమందికే చోటుండేది. ఆ ఏడాది చట్టం మార్చారు, 1968కి అది పూర్తిగా అమల్లోకొచ్చింది. ఇంజనీర్లకూ డాక్టర్లకూ చదువు చూసి శాశ్వత నివాసం వీసా ఇవ్వడం మొదలుపెట్టారు. మా ఆయన కాకినాడలో ఇంజనీరింగ్ చదివి ఆ దారినే 1971లో వచ్చారు. పెళ్ళయ్యాక 1973లో నేనొచ్చాను. మద్రాసు కాన్సులేటులో నాకూ అదే వీసా ఇచ్చి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని ఆ ఫిలిం చేత్తో పట్టుకెళ్ళమన్నారు. కొత్త పెళ్ళికూతుర్ని, పట్టుచీర కట్టుకుని, చంకలో అంత పెద్ద కవరు. చేతిలో రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం మనిషికి ఎనిమిది డాలర్లు. న్యూయార్క్‌లో దిగాక ఆఫీసరు ఆ ఫిలిం దీపానికి అడ్డంగా పెట్టి చూసి, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, వెళ్ళమ్మా అన్నట్టు చెయ్యూపాడు. అంతే. ఆ నిమిషంనుంచి బతికున్నంతకాలం ఈ దేశంలో ఉండే హక్కు నాకుంది.

ఆ హక్కు పెట్టుకుని మేం చేసిందేమిటి? ఎవరో అమ్మేసిన పాత సోఫా తెచ్చుకున్నాం. గోడకు మేకు కొట్టనిచ్చేవారు కాదు ఆయన. అద్దె ఇల్లు కాబట్టి అనుకున్నాను. తర్వాత సొంత ఇల్లు కొన్నాం, అందులోనూ కొట్టనివ్వలేదు. అమ్మేటప్పుడు గోడ పాడైతే ధర తగ్గుతుందట. అంటే ఇల్లు కొన్నది కూడా అమ్మడానికే. వెంకటేశ్వరస్వామి పటం చాలా ఏళ్ళు ఫ్రిజ్ మీద గోడకానించి ఉండేది.

కొత్త ఊరు వెళ్ళినవాళ్ళు మొట్టమొదట చేసే పని మోటెల్ గదిలో టెలిఫోన్ డైరెక్టరీ తియ్యడం. రావు, రెడ్డి, మూర్తి, శాస్త్రి, ప్రసాద్, చౌదరి. వేలు పెట్టి వెతుక్కుంటూ పోవడం, దొరికిన నంబరుకు ఫోన్ చెయ్యడం. రావు అన్నంతమాత్రాన నమ్మకం లేదు, ఉడిపి రావులు తగిలేవారు, మరాఠీ రావులు తగిలేవారు. వాళ్ళూ పాపం సంతోషంగా మాట్లాడి తమకు తెలిసిన తెలుగువాళ్ళ నంబరు చెప్పేవారు. అవతల మనిషి ఎత్తి ఇంగ్లీషులో హలో అనగానే ఇవతలనుంచి "తెలుగువాళ్ళాండీ?" అనేవాళ్ళం. తర్వాతి ప్రశ్న అటునుంచి: "అన్నం తిన్నారా?"

ఒక జనవరి రాత్రి గ్రేహౌండ్ బస్ స్టేషన్‌నుంచి ఫోనొచ్చింది. "మాది చీరాలండీ" అన్నాడు. పేరు తర్వాత చెప్పాడు. ఇంకేదో ఊరి యూనివర్సిటీకి వెళ్ళాల్సినవాడు, మంచు తుపానుకు బస్సులు ఆగిపోయి ఇక్కడ చిక్కుకున్నాడు. ఆయన వెళ్ళి తీసుకొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఊళ్ళో కుట్టించిన టెరిలిన్ సూటు, కాళ్ళకు తోలు చెప్పులు, వాటిలోకి రెండు జతల మేజోళ్ళు. చారన్నం పెట్టాను. తలెత్తకుండా తిని, మజ్జిగలో చెయ్యి ఆపి, "అక్కా, ఇక్కడ మిరపకాయలు దొరుకుతాయా?" అన్నాడు. ఒక్క రాత్రికని వచ్చి రెండు వారాలున్నాడు. వెళ్ళేటప్పుడు మా పాత ఓవర్‌కోటు ఇచ్చాం, అంతకుముందు మాకది ఇంకెవరో ఇచ్చారు.

ఇదంతా మంచితనమని నేననను. మాకూ మనుషులు కావాలి. వారమంతా తెలుగు మాట వినకుండా ఉన్న ఇంట్లోకి ఎవరొచ్చినా పండగే. తర్వాత మనుషులు దొరకడం మొదలయ్యాక ఆ మంచితనం ఎంతమందిలో మిగిలిందో చూశాను కాబట్టే ఈ మాట అంటున్నాను.

వంటింటి సంగతి చెప్పడం మొదలుపెడితే ఆపలేను, నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. కందిపప్పు న్యూయార్క్ లెగ్జింగ్టన్ అవెన్యూలో ఉన్న కలుస్త్యాన్ కొట్టునుంచి పోస్టులో తెప్పించుకునేవాళ్ళం. అది అయిపోతే ఇక్కడి బజార్లో దొరికే పసుప్పచ్చ బఠాణీ బద్దలతోనే పప్పు. ఉప్మాకు క్రీమ్ ఆఫ్ వీట్. గులాబ్ జామూన్‌కు బిస్క్విక్ పిండీ పాలపొడీ. ఇడ్లీపిండి ఆ చలికి పులవదు, అవెన్‌లో లైటు వేసి రాత్రంతా అందులో పెట్టాలి. పుల్లటి పచ్చ యాపిల్ ముక్కలతో ఆవకాయ పెట్టేవాళ్ళం, కొత్తావకాయ వాసన వస్తుంది, నాలుగో రోజుకు ముక్క మెత్తబడిపోతుంది. అసలు ఆవకాయ ఊరినుంచి తగరపు డబ్బాలో వచ్చేది, మూత చుట్టూ మాటు వేయించి. దాన్ని తెరవడానికి సుత్తీ స్క్రూడ్రైవరూ తీసుకుని ఆయన గరాజ్‌లో కూర్చునేవారు. నూనె కారి చీరలకంటుకుంటే ఆ చీరలు ఎన్ని ఉతుకులు ఉతికినా మెంతి వాసనే.

అందరం పెరట్లో గోంగూరా టమాటాలూ వేసేవాళ్ళం. ఇక్కడ ఎండాకాలం మూణ్ణెల్లు. సెప్టెంబరు ఆఖర్లోనో అక్టోబరు మొదట్లోనో ఈ రాత్రి మొక్కలమీద మంచు గడ్డకడుతుందని రేడియోలో చెప్పేవాడు. ఆ సాయంత్రం టార్చిలైట్లు పట్టుకుని, కోట్లు తొడుక్కుని పెరళ్ళలోకి దిగి, ఉన్న పచ్చి టమాటాలన్నీ కోసేసేవాళ్ళం. ఆ వారమంతా ఏ తెలుగింటికి వెళ్ళినా పచ్చిటమాటా పచ్చడే.

ఇంటికి ఫోను అంటే ఓవర్సీస్ ఆపరేటరు దగ్గర బుక్ చేసి గంటలు గంటలు కాచుకోవడం. మూడు నిమిషాలకు పది పన్నెండు డాలర్లు. మా ఊళ్ళో ఫోను లేదు. తెనాలిలో మందులషాపు నంబరు పీపీ పెట్టుకున్నాం, ముందుగా ఉత్తరం రాస్తే నాన్న ఆ రోజుకు వచ్చి షాపు బల్లమీద కూర్చునేవాడు. దానికన్నా క్యాసెట్లు నయమనిపించింది. ఎవరో ఇండియా వెళ్తుంటే ఒక ప్యానసోనిక్ టేప్‌రికార్డరు ఇచ్చి పంపాం.

నాన్న ఆకాశవాణి వార్తల పద్ధతిలో మొదలుపెట్టేవాడు. తారీఖు, వారం, ఎన్ని గంటలయిందీ, ఆ తర్వాత గొంతు సవరించుకుని విషయం. కాలవకు నీళ్ళెప్పుడు వదిలారు, మినుము ఎంత పండింది, ధాన్యం ధర ఎంత పలికింది, ఊళ్ళో ఎవరెవరు పోయారు. పోయినవాళ్ళ జాబితా కూడా అదే గొంతుతో చదివేసేవాడు. అమ్మను మాట్లాడమంటే "నాకేం మాటలొచ్చు" అనేది. ఆమె మాటలకన్నా ఆమె చుట్టూ వినపడేవే ఎక్కువ. గిన్నెమీద మూత పెట్టిన చప్పుడు, గేదె అరుపు, ఎవరో వచ్చి గడపలో నిలబడి "ఎవరితో మాట్లాడుతున్నారూ?" అనడం, వీధిలో ఉప్పు బండివాడి కేక. చివర్లో రికార్డరు దగ్గరకంటా వచ్చి, అమెరికా దాకా వినపడాలని గట్టిగా, "చెవులకు గుడ్డ కట్టుకో" అనేది. మా ఇంటికి రెండు వీధుల అవతల నెల్లూరావిడ ఒకావిడ ఉండేది. వాళ్ళింటికి క్యాసెట్లు వచ్చేవి కావు. మాకు వచ్చిందని తెలిస్తే వచ్చి కూర్చుని మొత్తం వినేది. మా అమ్మానాన్నలు ఆమెకెవరూ కారు. ఉప్పు బండి కేక వచ్చిన చోట మాత్రం "వెనక్కి తిప్పవా" అని అడిగేది.

క్యాసెట్ ఒక్కటే. విన్నాక దానిమీదే మా మాటలు రికార్డు చేసి పంపేవాళ్ళం, వాళ్ళు విని దానిమీదే వాళ్ళవి. కొత్త క్యాసెట్ కొనలేక కాదు. ఎవరింటినుంచయినా గిన్నె వస్తే ఖాళీగా తిప్పి పంపం కదా, ఆ అలవాటే. ఆ పద్ధతిలో ఎవరి గొంతూ నిలవలేదు. నాన్న 1981లో పోయాడు. "సీరియస్, వెంటనే బయల్దేరండి" అని టెలిగ్రాం వస్తే దానర్థం ఏమిటో అప్పట్లో అందరికీ తెలుసు. న్యూయార్క్, లండన్, బొంబాయి, మద్రాసు, అక్కణ్ణుంచి రైలు పట్టుకుని పెద్దకర్మకు అందుకోగలిగాను. ఆ క్యాసెట్ ఆఖరికి మా దగ్గర ఉండిపోయింది. అందులో మా అబ్బాయి పద్యం చెప్పడం అయిపోయి ఆగిన చోట, కింద చెరగకుండా మిగిలిన నాన్న గొంతు అర నిమిషం ఉంది. బస్తా ధాన్యం ధర చెబుతున్నాడు.

ఐదేళ్ళ మాట మగవాళ్ళకు ఓదార్పు, మాకు అడ్డుగోడ. ఈ ముక్క ఎవరూ రాయగా నేను చూళ్ళేదు. గుంటూరులో బీఏ చదివి వచ్చినదాన్ని, ఇక్కడేదైనా చదువుకుంటానంటే "వెళ్ళిపోయేవాళ్ళం, ఇప్పుడెందుకు?" డ్రైవింగ్ నేర్చుకుంటానంటే "ఎన్నాళ్ళుంటాం గనక?" ఉన్నది ఒక్క కారు, అది ఆయనతో పొద్దున్నే వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఆ మంచులో నేనూ టీవీ. 1978 జనవరి చివర్లో పెద్ద తుపాను వచ్చి తలుపు తెరవడానికి లేనంత మంచు పేరుకున్నప్పుడు ఊరంతా గోలపెట్టింది, నాకు పెద్ద తేడా తెలియలేదు. నెల్లూరావిడ భర్తకు చెప్పకుండా డ్రైవింగ్ నేర్చుకుంది, ముందు ఆవిడ, తర్వాత ఆవిడ దగ్గర నేను. ఆ తర్వాత కమ్యూనిటీ కాలేజీ, ఆ తర్వాత ఊరి లైబ్రరీలో ఉద్యోగం. మొదటి జీతంతో నేను కొన్నది ఒక సుత్తి, ఒక మేకుల పొట్లం. స్వామివారు ఫ్రిజ్ దిగి గోడ మీదికెక్కారు.

పండగలన్నీ శనివారాల్లోనే వచ్చేవి. ఉగాది మంగళవారం వస్తే మాకు ఆ పై శనివారం ఉగాది. వేపపువ్వు ఎండబెట్టి ఉత్తరంలో పెట్టి పంపేవారు ఊరినుంచి. భోగిపళ్ళకు రేగుపళ్ళెక్కడివి? క్రాన్‌బెర్రీలూ పెన్నీలూ కలిపి పోసేవాళ్ళం. ముగ్గు గరాజ్‌లో సిమెంటుమీద. సత్యనారాయణ వ్రతం చేయించే ఆయన వారంలో ఐదు రోజులు కార్ల కంపెనీలో లోహాల పరీక్షలు చేసేవారు. తండ్రి దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న మంత్రాలు కొన్ని, పుస్తకం చూసి చదివేవి కొన్ని. సంభావన ఇవ్వబోతే కోప్పడేవారు, పొట్లం కట్టిచ్చిన పులిహోర మాత్రం పట్టుకెళ్ళేవారు. మా ఊళ్ళో మొదటి పాతిక పెళ్ళిళ్ళూ ఆయనే చేయించారేమో. అసలు పురోహితులు దేశంనుంచి వచ్చాక ఆయన్ని పిలవడం మానేశారు. ఎవరూ కావాలని మానలేదు, అలా జరిగిపోయింది.

పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి 1977లో తయారైంది, తిరుమల తిరుపతి దేవస్థానంవారు సాయం చేశారు. మాకు దాదాపు మూడొందల మైళ్ళు. చమురు కరువు తర్వాత దేశమంతటా గంటకు యాభై అయిదు మైళ్ళకు మించి పోకూడదని రూలు పెట్టారు, అందుకని తెల్లవారుజామున మూడింటికే బయల్దేరేవాళ్ళం. నాలుగు కార్లు ఒకదాని వెనకొకటి. ఒహాయో టర్న్‌పైక్ మీద విశ్రాంతికి ఆగేచోట బల్లలమీద పెరుగన్నం, ఊరమిరపకాయలు. పక్క బల్ల దగ్గర అమెరికన్లు చీరలకేసీ చేత్తో కలుపుకోవడంకేసీ చూసేవాళ్ళు. మలుపు తిరిగాక కొండవాలున తెల్లటి గోపురం కనపడగానే కార్లో ఉన్న ముసలివాళ్ళెవరో ఒకరు గోవిందా అనేవారు, వెనక సీట్లో పిల్లలు అదేదో ఆటలా అందుకునేవాళ్ళు. నాకు భక్తి అంతంతమాత్రం. ఆ ప్రయాణం మాత్రం తిరుపతికి నడిచి వెళ్ళడంకన్నా తక్కువనిపించలేదు. ఇప్పుడు మా ఇంటినుంచి పావుగంటలో గుడి ఉంది, పోయిన శివరాత్రికి వెళ్ళలేదు.

సినిమాలు పదహారు ఎంఎం రీళ్ళలో వచ్చేవి. ఎవరో తెప్పిస్తే ఏ స్కూలు ఆడిటోరియమో యూనివర్సిటీ హాలో అద్దెకు తీసుకుని ఆదివారం వేసేవాళ్ళు. రీలు మార్చేటప్పుడు దీపాలు వెలిగేవి, అప్పుడు అందరం ఒకళ్ళ చీరలొకళ్ళం చూసుకునేవాళ్ళం. 'శంకరాభరణం' వచ్చిన రోజు మాత్రం దీపాలు వెలిగినా ఎవరూ మాట్లాడలేదు. వీసీఆర్ వచ్చి ఆ హాళ్ళను మింగేసింది.

ఇలా చెబుతుంటే అంతా పండగే అనిపిస్తుంది. కాదు. 1979నుంచి మూడు నాలుగేళ్ళు డెట్రాయిట్‌కు చాలా కష్టకాలం. క్రైస్లర్ కంపెనీ దివాలా అంచుకొచ్చి ప్రభుత్వం హామీ ఉంటే బతికింది. ఎక్కడ చూసినా ఉద్యోగాలు పోవడమే. జపాన్ కార్లమీద జనానికి కడుపుమంట. 1982 జూన్‌లో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి కుర్రాణ్ణి, వారంలో పెళ్ళి కావలసినవాణ్ణి, కార్ల పరిశ్రమలో పనిచేసిన ఇద్దరు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. మీవల్లే మా ఉద్యోగాలు పోతున్నాయన్నారని బారులో ఉన్న సాక్షి చెప్పింది. జడ్జి వాళ్ళను జైలుకు పంపలేదు, ఒక్కొక్కరికి మూడు వేల డాలర్ల జరిమానా వేసి వదిలేశాడు. మేం చైనావాళ్ళమా? కాదు. అతనూ జపాన్‌వాడు కాదు. ఆ వేసవి మా మగవాళ్ళు ఆఫీసునుంచి తిన్నగా ఇంటికొచ్చేసేవాళ్ళు. అప్పుడే ఐదేళ్ళ మాట కాస్త గట్టిగా వినపడింది, కొందరు హైదరాబాదులో స్థలాలు కొన్నారు. రెండొందల ఇరవై వోల్టుల సామాను కొనడం మొదలుపెట్టాం. ఇక్కడ నూటపది కరెంటుకు అవి పనిచెయ్యవు కాబట్టి పెట్టెలోంచి తియ్యకుండానే బేస్‌మెంటులో పెట్టేశాం.

1984లో ఒక కుటుంబం నిజంగానే వెళ్ళిపోయింది. అందరం వెళ్ళి సామాను కట్టాం. ఎన్నాళ్ళుగానో దాచిన అట్టపెట్టెలు ఒకరికైనా పనికొచ్చినందుకు మా ఇళ్ళనుంచి కూడా తెచ్చిచ్చాం. వాళ్ళకు విందులిచ్చి, మీ వెనకే మేమూ అని చెప్పి, విమానం ఎక్కించాం. రెండేళ్ళు తిరక్కుండా వాళ్ళు తిరిగొచ్చేశారు. పిల్లలు అక్కడి బళ్ళో ఇమడలేదన్నారు, ఆయనకు వ్యాపారం కుదరలేదన్నారు. మేమెవరమూ గుచ్చి గుచ్చి అడగలేదు. నిజం చెప్పాలంటే మా అందరికీ వాళ్ళమీద కోపమొచ్చింది. వెళ్ళకపోయి ఉంటే బాగుండేది. వెళ్ళి రావడంతో మాకు దాక్కోడానికి చోటు లేకుండా పోయింది. ఆ తర్వాత ఐదేళ్ళు అనే మాట ఎవరి నోటా వినలేదు.

అప్పటికే ఇంకోటి జరుగుతోంది. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పెట్టుకుంటే ఇండియా పాస్‌పోర్టు పోతుంది. అందుకని చాలామంది ఆగారు. కానీ అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ తీసుకురావాలంటే పౌరుడయి ఉండాలి. ఊళ్ళనుంచి ఉత్తరాలు వచ్చేవి: తమ్ముడికి ఏదైనా దారి చూపించు. ఆయన చెయ్యెత్తి ప్రమాణం చేసొచ్చిన రోజు రాత్రి అన్నం తినలేదు. తర్వాత ఇద్దరు మరుదులూ ఒక ఆడపడుచూ కుటుంబాలతో దిగారు. ఇక వెళ్ళడమంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

తొంభైల తర్వాత సంగతి మీకందరికీ తెలిసిందే. హెచ్-1బి, వైటూకే, వారానికో విమానం నిండా కుర్రాళ్ళు. 2017 నాటికి అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలు దాటారని సర్వేలు చెప్పాయి. గోంగూర ఏడాది పొడుగునా కట్టలు కట్టలు. ఆవకాయ ముక్కలు కొట్టించి మరీ అమ్ముతున్నారు. సంతోషమే, ఎవరు వద్దంటారు? కాకపోతే టెలిఫోన్ డైరెక్టరీలో రెడ్డికీ శాస్త్రికీ తేడా చూడనివాళ్ళం, మనుషులు ఎక్కువయ్యేసరికి ఏరుకోవడం నేర్చుకున్నాం. ముందు జిల్లా, తర్వాత కులం, సంఘాలు రెండు, నాలుగు, అలా. కులం మాకు అప్పుడు లేదని కాదు, దాన్ని పాటించడానికి సరిపడా జనం లేరు. నెల్లూరావిడా నేనూ ఇప్పుడైతే ఒకరికొకరం తెలిసేవాళ్ళం కాదేమో అనుకుంటాను. ఆవిడ మూడేళ్ళ క్రితం పోయింది. ఫ్యూనరల్ హోమ్‌లో ఫోన్లో యూట్యూబ్ పెట్టి గరుడపురాణం వినిపించారు, లోహాల పరీక్షలు చేసే ఆయన కుర్చీలో కూర్చుని ఆ ఫోనుకేసి చూస్తూ పెదాలు కదుపుతున్నారు.

ఈమధ్య మెట్లెక్కలేక ఇల్లమ్మి చిన్నదానికి మారుదామనుకుంటే పిల్లలొచ్చి బేస్‌మెంటు ఖాళీ చేశారు. పెట్టె తియ్యని మిక్సీ, పెట్టె తియ్యని ఇస్త్రీపెట్టె, మనిషి ఎత్తలేనంత బరువు ట్రాన్స్‌ఫార్మరు. మా అబ్బాయి ఖాళీ పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి ఊపి చూసి "అమ్మా, వీటిలో ఏమున్నాయి?" అన్నాడు. ఏమీ లేవన్నాను. "మరి ఎందుకు దాచారు?" వాళ్ళ నాన్నకేసి చూశాను. ఆయన చెవి మిషను సవరించుకుంటున్నట్టు నటించారు. మనవలు ఆ పెట్టెలతో సాయంత్రం దాకా కోట కట్టి, రాత్రికి తొక్కి చదును చేస్తే, బుధవారం చెత్త బండి పట్టుకుపోయింది.

పక్కింట్లో కరీంనగర్ పిల్ల ఉంది, సాఫ్ట్‌వేరు. పదమూడేళ్ళయింది వచ్చి, ఇంకా హెచ్-1బి మీదే ఉన్నారు. ఏ దేశంవాళ్ళకయినా గ్రీన్‌కార్డుల ఏడాది కోటాలో ఏడు శాతానికి మించి ఇవ్వకూడదని నియమం ఉంది కదా, ఇండియావాళ్ళ వరస కదలదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా సర్దుకోవాలి. ఆ పిల్లకు ఇక్కడ మూడువేల చదరపుటడుగుల ఇల్లుంది, పెరట్లో ఊయల, గోడలనిండా ఫొటోలు. మొన్న బీరకాయలు తెచ్చిచ్చి కూర్చుంది.

"ఆంటీ, మీకు గ్రీన్‌కార్డు ఎన్నేండ్లకొచ్చింది?"

"దిగిన రోజే."

నవ్వింది. నేను పరాచికాలాడుతున్నాననుకుంది. ఆయన లోపలికెళ్ళి పాత పాస్‌పోర్టు తెచ్చి ముద్ర చూపించారు. చాలాసేపు చూసింది.

"మరి ఆ పెట్టెలు గెందుకు దాసిన్రంకుల్?" అంది. ఆ బుధవారం మా ఇంటిముందు గుట్ట చూసినట్టుంది.

ఆయన దగ్గర జవాబు లేదు, నన్ను టీ పెట్టమన్నారు. టీ తాగుతూ ఆ పిల్ల చెప్పింది, వీసా పొడిగింపు కాగితం ఇంకా రాలేదట, లాయరుకు రోజూ మెయిల్ పెడుతోందట. వంటింట్లో పాత బల్లలు తీయించి గ్రానైటు వేయిస్తున్నారు, నలుపు బాగుంటుందా బూడిదరంగు బాగుంటుందా అని ముక్కలు తెచ్చి పెట్టుకుంది, ఆదివారం వచ్చి చూసి చెప్పమంది.